ఆస్టిన్ సెవెన్ చమ్మీ: వానలు పడే దేశంలో పైకప్పు లేని కారు ఎందుకు చేశారు, ఇప్పుడు కొనొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కవెంట్రీలో ఉద్యోగం, వచ్చి రెండేళ్ళు. పోయిన ఆదివారం ఒక పల్లెలో పాత కార్ల ప్రదర్శనకి వెళ్తే అక్కడ మీ ఛాతీ ఎత్తు కూడా లేని బుల్లి ఓపెన్ కారు కనిపించింది, పేరు ఆస్టిన్ సెవెన్, అక్కడివాళ్ళు దాన్ని ‘చమ్మీ’ అన్నారు, అప్పట్నుంచీ మనసు దాని మీదే ఉంది. ఏడాది పొడుగునా చినుకులు పడే దేశంలో పైకప్పు లేని కారు ఎందుకు చేశారు, జనం అంతగా ఇష్టపడటానికి అందులో ఏముంది, నాలుగేళ్ళ పాప ఉన్న మీలాంటి వాళ్ళు కొనుక్కుని వాడుకోగలరా అని.

ముందు సూటిగా చెప్పేస్తాను. పైకప్పు లేకపోవడం సరదా కోసం కాదు, అది బరువు లెక్క, డబ్బు లెక్క. జనానికి అంత ఇష్టం ఎందుకంటే ఆ కారులో మనకి వింతగా కనిపించే ప్రతిదాని వెనకా అలాంటి లెక్కే ఒకటి ఉంటుంది, అది తెలిసిన కొద్దీ కారు ఇంకా ముద్దొస్తుంది. కొనొచ్చా అంటే, చేతికి గ్రీజు అంటించుకోవడం మీకు ఇష్టమైతే నిస్సందేహంగా కొనండి. రేపు ధర పెరుగుతుందని కొనాలనుకుంటే మాత్రం వద్దు.

నా గురించి రెండు ముక్కలు చెబితే గానీ ఈ మాటలకి విలువ ఉండదు. మా నాన్నకి బెజవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) షెడ్డు ఉండేది, నేను ఆ షెడ్డులోనే పెరిగాను. బర్మింగ్‌హామ్ వచ్చి ఇరవై రెండేళ్ళయింది. 1927లో తయారైన చమ్మీ ఒకటి నా దగ్గర పదకొండేళ్ళుగా ఉంది, ఇంజన్ రెండుసార్లు పూర్తిగా విప్పి బిగించాను. ఈ కార్లు పుట్టిన లాంగ్‌బ్రిడ్జ్ మా ఇంటికి దగ్గరే. అక్కడ పెద్ద ఎత్తున కార్లు చేయడం 2005లో ఆగిపోయింది.

పాత బ్రిటిష్ కారు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్, లేదంటే రేసుల్లో పరిగెత్తిన బెంట్లీ. అవి రాజుల కోసం, బాగా డబ్బున్నవాళ్ళ కోసం చేసినవి. సెవెన్ సంగతి వేరు. ఇది జీతగాడి కారు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక ఇంగ్లండులో మామూలు కుటుంబానికి సొంత బండి అంటే మోటార్ సైకిలు, దానికి పక్కన తగిలించిన సైడ్‌కార్. భర్త నడపాలి, భార్యా పిల్లలూ ఆ తొట్టిలో కూర్చోవాలి, వానొస్తే అందరూ తడవాలి. నలుగురున్న కుటుంబం స్కూటర్ మీద వానలో వెళ్ళడం చూసి రతన్ టాటాకి నానో ఆలోచన వచ్చిందంటారు కదా, అలాంటి ఆలోచనే ఆస్టిన్ కంపెనీ పెట్టిన హెర్బర్ట్ ఆస్టిన్‌కి ఎనభై ఏళ్ళకి పైగా ముందే వచ్చింది.

కాకపోతే ఆ ఆలోచన వచ్చేనాటికి ఆయన దగ్గర డబ్బు లేదు. యుద్ధం అయ్యాక 3.6 లీటర్ల ఇంజన్ ఉన్న ఆస్టిన్ ట్వెంటీ అనే ఒకే ఒక పెద్ద కారు మీద కంపెనీ మొత్తం పెట్టేశాడు. అది అనుకున్నంత అమ్ముడుపోలేదు. 1921లో కంపెనీ రిసీవర్ల చేతికి, అంటే అప్పులవాళ్ళ తరఫున చూసుకునేవాళ్ళ చేతికి, వెళ్ళింది. అలాంటి సమయంలో బుల్లి కారు చేద్దామంటే బోర్డులో ఎవరు ఒప్పుకుంటారు? దాంతో ఆయన ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని, స్టాన్లీ ఎడ్జ్‌ని, తన ఇంటికి పిలిపించుకున్నాడు. లికీ గ్రేంజ్ అనే ఆ ఇంట్లో, బిలియర్డ్స్ ఆడుకునే గదిలో కూర్చుని ఇద్దరూ ఈ కారు గీశారు. ఆస్టిన్ రెండు సిలిండర్లు చాలనుకుంటే, నాలుగు పెట్టినా ఖర్చు పెద్దగా పెరగదు, బండి సాఫీగా నడుస్తుంది అని ఒప్పించింది ఆ కుర్రాడే. ఎడ్జ్ పేరు చాలాకాలం పెద్దగా ఎవరికీ తెలియదు, ఇప్పటికీ చాలామంది ఆస్టిన్ పేరు మాత్రమే చెబుతారు, అందుకే నేను ఈ కారు గురించి ఎక్కడ మాట్లాడినా ఆయన పేరు తప్పకుండా చెబుతాను. ఆస్టిన్ సొంత డబ్బు కూడా పెట్టాడు, అందుకు బదులుగా అమ్ముడైన ప్రతి కారు మీదా ఆయనకి రెండు గినీలు (గినీ అంటే ఒక పౌండు, ఒక షిల్లింగు) రాయల్టీ వచ్చేది.

1922లో కారు బయటికొచ్చింది. తొలినాళ్ళలో ధర 165 పౌండ్లు. 1939లో ఆపేసేలోపు వ్యాన్లతో కలిపి దాదాపు 2,90,000 బళ్ళు చేశారు. కంపెనీని నిలబెట్టింది ఈ బుల్లి కారే.

ఇప్పుడు పైకప్పు సంగతికొద్దాం. 1920ల మొదట్లో ఇంగ్లండు రోడ్ల మీద మామూలు జనం కొనే కార్లలో ఎక్కువ భాగం ఓపెన్ కార్లే. నాలుగు వైపులా మూసిన బాడీ అంటే చెక్క ఫ్రేము, దాని మీద రేకు, అద్దాలు, వాటిని దించడానికి ఎత్తడానికి సరంజామా. అదంతా చేతిపని, పైగా బరువు. సెవెన్ ఇంజన్ ఇచ్చేది పది హార్స్‌పవర్ చిల్లర. ఇవాళ్టి 125 సీసీ స్కూటరు కూడా దగ్గరదగ్గర అంతే ఇస్తుంది! ఆ బలంతో ఇద్దరు పెద్దవాళ్ళనీ, వెనక ఇద్దరు పిల్లల్నీ మిట్ట ఎక్కించాలంటే కారు తేలికగా ఉండి తీరాలి. మొత్తం బరువు 360 కిలోలు. అందుకే తలుపులకి అద్దాల్లేవు, పైన గుడ్డ టాపు, వానొస్తే పక్కలకి తగిలించుకోవడానికి సెల్యులాయిడ్ కిటికీలున్న గుడ్డ తెరలు. ఇలా నాలుగు సీట్లుండి, గుడ్డ టాపు మడిచేసుకోగల బళ్ళనే టూరర్ అనేవాళ్ళు, సెవెన్‌లో ఆ టూరర్ ముద్దుపేరే చమ్మీ. 1926లో సెవెన్‌కి మూసిన సెలూన్ బాడీ కూడా వచ్చింది, 1930ల్లోకి వచ్చేసరికి రేకుని ప్రెస్సుల్లో నొక్కి బాడీలు చవగ్గా చేయడం బాగా నడిచింది, జనం సెలూన్ల వైపు వెళ్ళిపోయారు. అంటే మీరు చూసిన ఆ ఓపెన్ కారు ఆ రోజుల్లో షోకు బండి కాదు, చౌక బండి. ఇవాళ ఓపెన్ కారు అంటే ఖరీదు ఎక్కువ, అప్పుడు లెక్క తలకిందులు.

ఇంజన్ అంత చిన్నగా ఎందుకు చేశారన్నదానికి ఇంకో కారణం ఉంది, అది పన్ను. 1921 నుంచి ఇంగ్లండులో కారు పన్ను ఒక్కో హార్స్‌పవర్‌కి ఏడాదికి ఒక పౌండు. ఆ హార్స్‌పవర్ ఇంజన్ నిజంగా ఇచ్చే బలం కాదు, కాగితం మీద ఒక సూత్రంతో కట్టేది. సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించాలి. సెవెన్ బోరు 2.2 అంగుళాలు. 4.84ని నాలుగుతో గుణిస్తే 19.36, దాన్ని 2.5తో భాగిస్తే 7.7 చిల్లర. ఏడాదికి ఎనిమిది పౌండ్లు కడితే సరిపోయేది. అదే లెక్కలో ఫోర్డ్ మోడల్ టీకి 3.75 అంగుళాల బోరు, ఇరవై రెండున్నర వస్తుంది, కట్టాల్సింది 23 పౌండ్లు. చూశారా తేడా! ఫోర్డ్ కంపెనీ మాంచెస్టర్‌లోనే మోడల్ టీలు బిగించి అమ్ముతున్నా ఈ పన్ను దగ్గర దెబ్బతింది. సూత్రంలో పిస్టన్ ఎంత దూరం నడుస్తుందన్న ప్రస్తావనే లేదు కాబట్టి బ్రిటిష్ ఇంజనీర్లు బోరు సన్నగా ఉంచి స్ట్రోకు, అంటే ఆ దూరం, పొడుగు చేసుకుంటూ పోయారు. సెవెన్‌లో బోరు 56 మిల్లీమీటర్లు, స్ట్రోకు 76. కారు పేరులో ఉన్న ఆ ‘సెవెన్’ కూడా పన్ను లెక్కలోంచి వచ్చిందే. పన్నుల ఆఫీసు కాగితం ఒక దేశం ఇంజన్ల ఆకారాన్నే మార్చేసిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక కారు దగ్గరికి రండి, చల్లటి పొద్దున స్టార్ట్ చేద్దాం. బానెట్ లేపితే ఇంజన్ వెనక, డ్రైవర్ మోకాళ్ళకి ముందు పెట్రోల్ ట్యాంకు ఉంటుంది. పంపు లేదు. ట్యాంకు ఎత్తులో ఉంది, కార్బ్యురేటర్ పల్లంలో ఉంది, పెట్రోల్ దానంతటదే దిగుతుంది. నీళ్ళకి కూడా పంపు లేదు, వేడెక్కిన నీరు పైకి వెళ్తుంది, రేడియేటర్‌లో చల్లబడింది కిందికి దిగుతుంది. నా కారుకి పెట్రోల్ మీటరు లేదు, కర్ర ముంచి చూసుకోవాలి. పెట్రోల్ కుళాయి తిప్పాలి, స్టీరింగ్ మధ్యలో ఉన్న చిన్న లివర్‌తో స్పార్కు వెనక్కి జరపాలి, అంటే కాస్త ఆలస్యంగా పడేలా చేయాలి, అప్పుడు కారు ముందుకెళ్ళి ఇంజన్ తిప్పే హ్యాండిల్ పట్టుకోవాలి. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి, హ్యాండిల్‌ని చుట్టి పట్టుకోవద్దు. ఇంజన్ వెనక్కి తన్నిందంటే బొటనవేలు, మణికట్టు విరుగుతాయి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఆటోనగర్‌లో పాత లారీలకి హ్యాండిల్ కొట్టేవాళ్ళ దగ్గర నేను మొదట నేర్చుకున్నది ఇదే. అడుగు నుంచి పైకి ఒక్క లాగు, స్పార్కు పుట్టించే మాగ్నెటో బాగుంటే రెండో లాగుకే అందుకుంటుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద చొక్కా గుండీ అంత బొత్తాం ఒకటి మెల్లగా బయటికి పొడుచుకొస్తుంది. ఆయిల్ తిరుగుతోందని చెప్పే గుర్తు అదొక్కటే. ముల్లు లేదు, అంకెలు లేవు. పదకొండేళ్ళయినా ఆ బొత్తాం బయటికొచ్చే వరకు నేను ఊపిరి బిగబట్టే చూస్తాను.

తర్వాత క్లచ్. కొత్తగా నడిపే అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. పెడల్ మొత్తం మీద అర అంగుళం కదిలితే ఎక్కువ, పట్టిందా వదిలిందా అంతే, మధ్యలో ఏమీ లేదు. ఇవాళ్టి కారులా యాక్సిలరేటర్ తొక్కుతూ క్లచ్ వదిలితే కప్పలా గెంతి ఆగిపోతుంది. ఇంజన్‌ని ఐడ్లింగ్‌లోనే ఉంచి క్లచ్ పూర్తిగా వదిలేయాలి, బండి కదిలాకే రేసు ఇవ్వాలి. గేర్లు మూడు, అవి సాఫీగా పడేలా చేసే సింక్రోమెష్ లేదు. మన పాత లారీ డ్రైవర్లు చేసే డబుల్ క్లచ్చే, అంటే ఒక్కో గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కడమే, ఇక్కడా చేయాలి, లేకపోతే కరకరమంటుంది. బ్రేకులు మొదటి నుంచీ నాలుగు చక్రాలకీ ఉన్నాయి, కానీ 1930 దాకా కాలి బ్రేకు వెనక చక్రాలకి, చేతి బ్రేకు ముందు చక్రాలకి. గట్టిగా ఆపాలంటే కాలూ చెయ్యీ రెండూ పడాలి. అవన్నీ కేబుళ్ళు, కాబట్టి ఎంత బాగా సర్దినా ఇప్పటి కారులా టక్కున ఆగదు. ముందు బండికి మీరు ఇప్పుడు వదిలే దూరానికి మూడింతలు వదలండి.

కమాన్ కట్టల గురించి చెప్పకుండా ఉండలేను, మా ఇంటి పని కదా. ముందు ఇరుసు మీద ఒకే కట్ట అడ్డంగా ఉంటుంది. ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, ఇంగ్లీషు ఏ అక్షరం లాగా ఉంటుంది, కొస ముందుకు. వెనక కట్టలు రెండూ మన లారీల్లోలా రెండు చివరలా పట్టి ఉండవు, సరిగ్గా సగానికి కోసినట్టు ఉంటాయి, ఒక చివర ఛాసిస్‌కి బిగించి, రెండో చివర వెనక్కి చాచి, దానికి ఇరుసు తగిలించారు. ఇనుము మిగిలింది, బరువు తగ్గింది. కానీ మలుపులో బండి ఒరిగినప్పుడు ఒక పక్క చక్రం కాస్త ముందుకి, ఇంకో పక్క చక్రం కాస్త వెనక్కి జరుగుతాయి, అంటే వెనక ఇరుసు కూడా కొద్దిగా స్టీరింగ్ తిరిగినట్టే. అందుకే కొత్తవాళ్ళు రోడ్డంతా ఊగుతూ వెళ్తారు. స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగుతుంది, వదులుగా పట్టుకుని ఒకసారి తిప్పి దానికి టైమివ్వాలి. నాకు ఇది అలవాటు కావడానికి ఒక వేసవి పట్టింది.

ఇంత కష్టం ఉంటే ఇష్టం ఎక్కడుంది అంటారా? నా వరకు నాకు, ఈ కారులో నాకు అర్థం కాని భాగం ఒక్కటి కూడా లేదు. నా మామూలు కారు బానెట్ లేపితే నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. ఇందులో పెట్రోల్ ఎటు నుంచి ఎటు వెళ్తోందో వేలు పెట్టి చూపించొచ్చు. టాపు దించేసి ముప్పై మైళ్ళ వేగంతో వూస్టర్‌షైర్ పల్లెల్లో సందుల్లాంటి రోడ్ల మీద వెళ్తుంటే కంచెల్లో పూలు ముఖానికి అందేంత దగ్గరగా ఉంటాయి, గడ్డి కోసిన వాసన, పేడ వాసన, రొట్టెల బేకరీ వాసన, అన్నీ తెలుస్తాయి. మనుషులు ఆపి మాట్లాడతారు. ఒక ముసలాయన ‘మా తాతయ్య దగ్గర ఇదే ఉండేది’ అని చెబుతూ వెనక సీటు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాడు. బెంట్లీని చూసి జనం పక్కకి తప్పుకుంటారు, దీన్ని చూస్తే దగ్గరికొస్తారు.

ఈ కారు వంశం కూడా పెద్దదే. జర్మనీలో ఐసెనాక్‌లో దీన్ని లైసెన్సు మీద డిక్సీ పేరుతో చేశారు, 1928లో ఆ కంపెనీని బీఎండబ్ల్యూ కొనేసింది, అంటే బీఎండబ్ల్యూ వారి మొదటి కారు మన సెవెనే. లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ మొదటి లోటస్‌ని పాత సెవెన్ మీద కట్టాడు. మెక్‌లారెన్ రేసు జట్టు పెట్టిన బ్రూస్ మెక్‌లారెన్ మొదటి రేసు కారు కూడా సెవెనే, అల్‌స్టర్ అనే రేసు మోడల్.

ఇక కొనే విషయం. ముందు నాకు జరిగింది చెబుతాను, మీకు జరగకూడదు. నేను కొన్నప్పుడు అమ్మినతను ఇంజన్ కొత్తగా చేయించామని చెప్పాడు, రంగు మెరుస్తోంది, ఇంజన్ చప్పుడు బాగుంది, నమ్మేశాను. మొదటి ఏడాదే ఒక మిట్ట మీద ధనేల్‌మని చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. పిస్టన్ల ఎత్తుదించులని తిరుగుడుగా మార్చే కడ్డీ, క్రాంక్ షాఫ్ట్, రెండు ముక్కలు. ఈ ఇంజన్‌లో క్రాంక్‌కి ముందొక బేరింగు, వెనకొక బేరింగు అంతే, మధ్యలో ఆధారం లేదు. వేగం పెంచితే అది తాడాటలో తాడులా వంగుతుంది. ఎనభై తొంభై ఏళ్ళు వంగీ వంగీ కంటికి కనిపించని పగుళ్ళు పడతాయి. కొత్త బేరింగులు వేశారు నిజమే, పాత క్రాంక్‌కి పగుళ్ళ పరీక్ష చేయించలేదు. ఇప్పుడు నా కారులో కొత్తగా తయారు చేసిన క్రాంక్ ఉంది, అయినా నేను గంటకి నలభై మైళ్ళు దాటను.

కాబట్టి క్రాంక్ పాతదా కొత్తదా, పాతదైతే పగుళ్ళ పరీక్ష కాగితం ఉందా అన్నది మొదటి ప్రశ్న. కాగితం లేకపోతే కొత్త క్రాంక్ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి. రెండోది, విప్పి డబ్బాల్లో పెట్టిన కారు చవగ్గా వస్తోందని కొనొద్దు. నడుస్తున్న కారు కొని, నడుపుతూ ఒక్కోటి సరిచేసుకోండి. డబ్బాల్లో కొన్నవాళ్ళలో పదేళ్ళయినా రోడ్డెక్కించలేని ఇద్దరు నాకు తెలుసు. స్పేర్ పార్టులకి భయం లేదు, ఈ కారుకి దాదాపు ప్రతి పార్టూ ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది, సెవెన్ క్లబ్బులు దేశమంతా ఉన్నాయి. కొనకముందే ఒక క్లబ్బులో చేరండి, ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతారు. మూడోది, 1920ల చమ్మీ అని చెప్పి తర్వాతి ఛాసిస్ మీద కొత్తగా కట్టిన బాడీ అమ్ముతుంటారు. అది తప్పేం కాదు, నడపడానికి బాగానే ఉంటుంది, కానీ అసలు ధర ఇవ్వకండి. ముందు చక్రాల ఇరుసు నుంచి వెనక చక్రాల ఇరుసు దాకా టేపు పట్టండి. తొలి కార్లకి ఆరడుగుల మూడంగుళాలు, 1931 చివర్లో దాన్ని ఆరు అంగుళాలు పెంచారు.

ఖర్చుల సంగతి త్వరగా చెప్పేస్తాను. నలభై ఏళ్ళు దాటిన బండికి ఇక్కడ రోడ్డు పన్ను సున్నా, అయినా ఏటా దరఖాస్తు చేయాలి. పెద్ద మార్పులు చేయని బండికి ఎంఓటీ, అంటే ఏటా చేసే భద్రతా తనిఖీ, అక్కర్లేదు, కానీ నేను ఏడాదికోసారి చేయిస్తాను, మీరూ చేయించండి, బ్రేకు కేబుళ్ళని ఇంకో మనిషి కన్నుతో చూడటం మంచిది. పెట్రోల్ బంకులో మామూలు ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపింది) పోయకండి, ఇథనాల్ పాత రబ్బరునీ గొట్టాలనీ తినేస్తుంది, సూపర్ అని రాసిన ఈ5 పోయండి. మోటర్‌వే మీదికి మాత్రం తీసుకెళ్ళకండి, లారీల మధ్య ఈ వేగంతో అది ప్రమాదం.

పాప గురించి అడిగారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. సీటు బెల్టుల్లేని పాత కారులో మూడేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు, మూడు దాటినవాళ్ళు వెనక సీట్లోనే కూర్చోవాలి. మీ పాపకి నాలుగు కాబట్టి చట్టం ప్రకారం కుదురుతుంది. చమ్మీ వెనక సీటు చేసిందే పిల్లల కోసం, పెద్దవాళ్ళ కాళ్ళు అందులో పట్టవు. కానీ చట్టం ఒప్పుకుంది కదా అని మొదటి రోజే ఎక్కించకండి. నేనైతే క్లచ్, బ్రేకులు పూర్తిగా చేతికొచ్చాక, వెనక బెల్టు బిగించడానికి ఛాసిస్‌కి గట్టి ఆధారం చేయించాక గానీ మా అమ్మాయిని ఎక్కించలేదు. అప్పటికి ఆరు నెలలైంది.

చూడటానికి వెళ్ళే రోజు పాత బట్టలు వేసుకెళ్ళండి, కింద పడుకుని చూడాల్సి వస్తుంది. మీరు వెళ్ళేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేశారన్నమాట, ఆ రోజుకి తిరిగి వచ్చేయండి. చల్లగా ఉంటే హ్యాండిల్ మీరే కొట్టండి, ఆ బొత్తాం ఎంతసేపట్లో బయటికొస్తుందో లెక్కపెట్టుకుని నాకు రాయండి, చూసి చెబుతాను.